దశలవారీగా రాయించడం: తెలుగు క్లాసులో ఏళ్ల తరబడి వాడాక

హైస్కూల్లో తెలుగు చెబుతాను. వ్యాసం అంటే బోర్డు మీద రాసి ఎక్కించుకోమనడం మా పాత అలవాటు. పిల్లలకు ఆ శ్రమ కూడా ఎందుకు, గైడులోంచి దింపేస్తారు. దాని బదులు దశలవారీగా రాయించడం మొదలుపెట్టి ఆరేడేళ్లు దాటింది. ముందు మాట్లాడుకోవడం, తర్వాత చిత్తుప్రతి, దానికి మార్పులు, ఆ పైన తప్పులు దిద్దుకోవడం, చివరికి సాపుప్రతి గోడపత్రిక మీదికి.

రాతను ఇలా దశలవారీగా నేర్పాలని అమెరికాలో రాయడం నేర్పే మాస్టారు డొనాల్డ్ మర్రే 1972లోనే గట్టిగా చెప్పాడు. ఆయన ముందు పత్రికలో పనిచేసినవాడు, సంపాదకీయాలకు 1954లో పులిట్జర్ అనే పెద్ద పత్రికా బహుమతి అందుకున్నాడు. అందుకేనేమో, ఈ పద్ధతిలో కొట్టివేతకు అంత మర్యాద!

దీని బలమంతా మొదటి చిత్తుకూ రెండో చిత్తుకూ మధ్యే ఉంది. "మా ఊరి సంత" అని ఇస్తే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె రాసింది: "మా ఊరిలో ప్రతి మంగళవారము సంత జరుగును. అచ్చట కూరగాయలు అమ్మబడును." అక్షరం తప్పు లేదు, ఒక్క ముక్కా తనది కాదు. ఎర్ర పెన్ను తీయకుండా పక్కన కూర్చున్నా.

"ఎవరితో వెళ్తావమ్మా? ఎక్కడ ఎక్కువసేపు ఆగుతారు?"

"మా నాయనమ్మతో సార్. ఎండుచేపల కాడ."

"అదే రాయి."

రెండో చిత్తు: "ఎండుచేపల కాడ అందరూ ముక్కు మూసుకుంటారు. మా నాయనమ్మ కొంగు నడుముకు దోపి బేరం మొదలుపెడుతుంది." ఆ "కాడ"ను నేను ముట్టుకోలేదు.

తప్పులు దిద్దడం ముందుకు జరిపితే మాత్రం పద్ధతంతా పాడు. ఒత్తులకు భయపడే పిల్లవాడు తనకు రాయడం వచ్చిన నాలుగు మాటలతోనే సరిపెట్టుకుంటాడు. ఒకరిది ఒకరు చూడమన్నా ఇదే తంటా, దీర్ఘాలు పట్టుకుని వెక్కిరింతలు. ఇప్పుడు పక్కవాడు పెన్సిలుతో ఒక్క ప్రశ్నే రాయాలి: ఇంకా ఏం తెలుసుకోవాలనుంది? గోల తగ్గింది.

టైము బాగా తింటుంది. నిండు క్లాసులో ఒక్కో పిల్లతో అలా కూర్చోవడం కుదరదు. రోజుకో వరస చూస్తాను, ఒక వ్యాసానికి వారం పడుతుంది. పాఠం చివర వ్యక్తీకరణ-సృజనాత్మకత ప్రశ్నలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి వాటినే ఇలా రాయిస్తాను. ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యలో బడిలోనే వేసే మార్కుల్లో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), రాత అంశాల కింద ఈ చిత్తులే చూపిస్తాను. వేరే పని పెట్టుకుంటే ఎవరూ నిలబెట్టలేరు.

ఆరు నుంచి తొమ్మిది దాకా ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. పదో తరగతిలో సంక్రాంతి దాటాక వద్దు. అప్పుడు వాళ్లకు పరీక్ష తప్ప ఏమీ ఎక్కదు, మనకూ అంతే.

కొనాల్సింది ఏమీ లేదు. రఫ్ నోటులో కుడి పేజీలోనే రాయించండి, ఎడమది మార్పులకు. కాగితం దండగని ఇళ్లలో అంటారు. అననివ్వండి.