గోరు రంగు మారింది: ఫంగస్ మందు వాడుతూ చూడాలా, ముందు టెస్ట్ చేయించాలా, ఏది మేలు?

మా ఇంట్లో ఒకే మందు సీసా ఇద్దరం వాడాం. గోళ్ళకి రాసే ఫంగస్ లక్కర్ అది. నేను నా కాలి బొటనవేలికి రాసుకున్నా, మా పిన్ని తన కుడిచేతి బొటనవేలికి రాసుకుంది. నాది నిజంగానే ఫంగస్, పిన్నిది కాదు. ఆ తేడా తెలిసేలోపు పిన్నికి ఎనిమిది నెలలు పోయాయి, అందుకే రెండు గోళ్ళనీ పక్కపక్కన పెట్టి రాస్తున్నా.

మేముండేది చెన్నైలో, వేళచేరి వైపు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానప్పుడు మా వీధి నిండా నీళ్ళు, రోజూ అందులోనే నడిచాం, తర్వాత ఆఫీసుకి అవే తడి ఆరని షూస్ వేసుకుని వెళ్ళా. వేళ్ళ సందులు నానిపోయి, తెల్లగా పొట్టు లేచి, ఒకటే దురద. అది తగ్గిందిలే అనుకున్నా, కొన్ని నెలలకి బొటనవేలి గోరు చివర పసుపుపచ్చగా అయింది, మెల్లగా మందం ఎక్కింది, కత్తిరిస్తుంటే కింద నుంచి సున్నంలాగా పొడి రాలేది, పక్క వేలికి కూడా పాకింది. మనవాళ్ళు పిప్పిగోళ్ళు అంటారు కదా, అదే. దీనికి ఎక్కువగా కారణం ట్రైకోఫైటన్ రూబ్రమ్ అనే ఫంగస్, గోరు చివర్నుంచో పక్కనుంచో కిందికి దూరి మొదలు వైపు పాకుతూ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి, రోజంతా షూస్‌లో కాళ్ళు చెమటపట్టేవాళ్ళకి, వయసు పైబడినవాళ్ళకి ఎక్కువ.

పిన్నిది నెల్లూరు, వయసు 61. తన గోరు పసుపు కాదు, మందం కాదు, పొడి రాలడం అసలే లేదు. గోరు మొదలు నుంచి చివరిదాకా నిలువుగా ఒక గోధుమరంగు గీత, అంతే. రెండేళ్ళ కిందట పెన్సిల్‌తో గీసినంత సన్నగా ఉండేదట. గోరింటాకు పెట్టుకున్నప్పుడల్లా ఆ ఎరుపులో కనిపించేది కాదు, గోరు పెరిగి ఎరుపు పోయాక మళ్ళీ బయటపడేది, దాంతో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక డాక్టర్ దూరం నుంచే చూసి ఫంగస్ అన్నారు, లక్కర్ రాశారు, గోరు కొత్తది రావాలి కాబట్టి ఓపిక పట్టమన్నారు. మా ఇంటికి వచ్చినప్పుడు నా కాలు చూసి "నీదీ అదే జబ్బు మే, ఇదిగో నాదే రాసుకో" అని సీసా నా చేతిలో పెట్టింది.

అసలు చిక్కంతా ఆ ఓపిక దగ్గరే ఉంది. ఫంగస్‌కి ఓపిక నిజంగా కావాలి. కాలిగోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకానే పెరుగుతుంది, బొటనవేలి గోరు మొత్తం కొత్తది రావాలంటే 12 నుంచి 18 నెలలు, చేతిగోరైతే ఆరు నెలలు. టెర్బినఫైన్ అనే ఫంగస్ టాబ్లెట్ కూడా కాలిగోళ్ళకి మామూలుగా రోజుకి 250 మిల్లీగ్రాములు 12 వారాలు వాడిస్తారు, అది అయిపోయాక కూడా పాడైన భాగం పెరిగి బయటికి పోయేదాకా గోరు అలాగే కనిపిస్తుంది. కాబట్టి రెండు నెలలకి తేడా లేదంటే ఎవరూ కంగారుపడరు. కానీ పిన్నికున్నలాంటి గీత వెనకాల మెలనోమా, అంటే రంగు తయారుచేసే కణాలకి వచ్చే క్యాన్సర్, ఉంటే మాత్రం ఆ ఏడాదిలో అది పై పొర దాటి లోపలికి దిగొచ్చు, లింఫ్ గ్రంథులకి కూడా వెళ్ళొచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇక్కడ అక్షరాలా అదే.

మరి చూడగానే ఎలా తెలుస్తుంది అంటే, రంగు ఒక్కటి చూసి మోసపోవద్దు, ఫంగస్‌లో కూడా కొన్ని రకాలు గోరుని నల్లగా చేస్తాయి. రంగు ఎక్కడ మొదలైంది, ఏ ఆకారంలో ఉంది అనేది చూడాలి. గోరు పుట్టేది వేలి చర్మం కింద, మొదట్లో. అక్కడ రంగు తయారుచేసే కణాలు ఒకచోట పని ఎక్కువ చేస్తే, మగ్గం మీద పడుగులో ఒక్క నల్లదారం ఉంటే చీర పొడుగునా చార వచ్చినట్టు, గోరు పొడుగునా గీత వస్తుంది. ఆ గీత చివర్లో సన్నగా, మొదట్లో వెడల్పుగా ఉంటే లోపల రంగు పుట్టే చోటు పెరుగుతోందని అర్థం. ఫంగస్ మరక ఎక్కువగా ఇలా గీత గీసినట్టు రాదు, ముక్కలు ముక్కలుగా, మబ్బు పట్టినట్టు ఉంటుంది, కింద పొడి ఉంటుంది, తరచుగా ఒకటికంటే ఎక్కువ గోళ్ళకి ఉంటుంది. మెలనోమా దాదాపు ఎప్పుడూ ఒకే వేలికి, అదీ ఎక్కువగా చేతి బొటనవేలికో కాలి బొటనవేలికో వస్తుంది. గీత 3 మిల్లీమీటర్లు దాటడం, అంచులు అలుక్కుపోయినట్టు ఉండడం, ఒకే గీతలో రకరకాల ఛాయలు, 50 ఏళ్ళు దాటాక కొత్తగా రావడం, ఉన్నది నెలల్లోనే మారిపోవడం, ఇంట్లో ఎవరికైనా మెలనోమా వచ్చి ఉండడం, ఇవన్నీ వెంటనే చూపించుకోవాల్సిన గుర్తులు.

అన్నిటికంటే భయపడాల్సింది, రంగు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మానికి పాకడం. 1886లో జొనాథన్ హచిన్సన్ అనే ఇంగ్లీషు డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు, అందుకే హచిన్సన్ సైన్ అంటారు, ఆయన ఆ జబ్బుకి పెట్టిన పేరు మన మాటల్లో చెప్పాలంటే నల్ల గోరుచుట్టు. పిన్నికి గోరు మొదట్లో చర్మం మీద నీడ పడ్డట్టు ఉంది, మేమంతా అది గోరింటాకు మరక అనుకున్నాం.

ఇది చదివి ప్రతి గీతకీ బెదిరిపోవద్దు. మనలాంటి చామనఛాయ, నల్లటి ఒళ్ళున్నవాళ్ళలో చాలామందికి నాలుగైదు గోళ్ళకి సన్నటి గీతలు మామూలుగానే ఉంటాయి, మా అమ్మకి ఆరు వేళ్ళకి ఉన్నాయి, ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి, చూపిస్తే ఏం ఫర్వాలేదన్నారు. బీ12 తక్కువైనా, కీమోలో కొన్ని మందులకీ గోళ్ళు నల్లబడతాయి. కానీ మన రంగుకి మెలనోమా రాదు అనే మాట మాత్రం తప్పు, మొత్తం మీద అరుదే, కానీ మనలాంటి వాళ్ళకి వచ్చినప్పుడు అరచేతులు, అరికాళ్ళు, గోళ్ళ కిందే ఎక్కువగా వస్తుంది, ఎండతో పెద్దగా సంబంధం ఉండదు.

దెబ్బ సంగతి కూడా చెప్పాలి. తలుపులో వేలు పడితే గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లగా అవుతుంది, అది గోరుతో పాటు ముందుకి జరుగుతుంది, వెనకాల మామూలు గోరు వస్తుంది. మచ్చ వెనక అంచు దగ్గర గోరు మీద చిన్న గాటు పెట్టుకుని నెల తర్వాత చూస్తే తెలుస్తుంది. గాటుతో పాటు మచ్చ కూడా ముందుకి జరగకపోతే, లేదా దెబ్బే గుర్తులేకపోతే, దెబ్బ అనుకుని వదిలేయకూడదు. జమైకా పాటగాడు బాబ్ మార్లే కాలి బొటనవేలిది కూడా మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు, 1977లో మెలనోమా అని తేలింది, 1981లో 36 ఏళ్ళకే పోయాడు. ఇంకో కష్టం ఏంటంటే కొన్ని మెలనోమాలకి రంగే ఉండదు, గోరు చీలిపోయి, రసి కారి, ఎర్రటి కండలా పెరుగుతుంది. పులిపిరిలా కనిపించే స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ కూడా గోరు కింద వస్తుంది, అదీ ఏళ్ళ తరబడి ఫంగస్ మందుతోనే గడిచిపోతుంటుంది. ఒకే వేలు, ఎంతకీ మానట్లేదు అంటే రంగు లేకపోయినా చూపించండి.

ఇక ఏది మేలు అంటే, నా మాట ఒక్కటే, ముందు టెస్ట్, తర్వాతే మందు. నాకు స్కిన్ డాక్టర్ గోరు ముక్క కత్తిరించి, కింద పొడి గీకి, కేఓహెచ్ అనే రసాయనం వేసి మైక్రోస్కోప్ కింద చూశారు, అదే రోజు ఫంగస్ కనిపించింది, లివర్ టెస్ట్ చేయించి టాబ్లెట్ మొదలుపెట్టారు. లక్కర్ రాస్తూ ఉండగా టెస్ట్‌కి ఇస్తే ఫంగస్ ఉన్నా దొరక్కపోవచ్చట, కొన్నాళ్ళు ఆపి ఇవ్వాలి. ఫంగస్ దొరికినంత మాత్రాన కూడా గీత సంగతి తేలిపోయినట్టు కాదు, రెండూ ఒకే గోటికి ఉండొచ్చు.

ఆ రోజు పిన్ని నాకు తోడుగా వచ్చింది, అంతే. ఆవిడ నా ఫైల్ అందుకుంటుంటే డాక్టర్ బొటనవేలు చూసి "ఎన్నాళ్ళ నుంచి ఉంది అమ్మా" అని అడిగారు, డెర్మోస్కోప్ అనే భూతద్దం లాంటి పరికరం పెట్టి చాలాసేపు చూసి బయాప్సీ కావాలన్నారు. గోరు పైన కాదు, రంగు పుట్టే మొదట్లోంచి ముక్క తీయాలి, వేలికి మత్తు ఇచ్చి తీశారు. రిపోర్ట్‌లో మెలనోమా ఇన్ సిటూ, అంటే ఇంకా పై పొరలోనే ఉంది. ఒక్కసారి అడయార్‌లో కూడా చూపించండి అనగానే పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు పెట్టిన ఆ క్యాన్సర్ ఆసుపత్రి పేరు వింటేనే మా ఇంట్లో పెద్దవాళ్ళకి కాళ్ళు వణుకుతాయి. వేలు తీసేయక్కర్లేదన్నారు, గోరుని, గోరు పుట్టే చోటునీ మొత్తం తీసేసి చర్మం అతికారు.

ఇప్పుడు ఆరు నెలలకోసారి చెకప్, చేతులూ కాళ్ళూ అన్ని గోళ్ళూ చూస్తారు, అందుకని గోళ్ళకి పెట్టుకున్న రంగు ఏదీ ఉండకూడదు. ఈ ఆషాఢంలో గోరింటాకు రుబ్బితే "అరచేతికి చాలు మే, గోళ్ళకొద్దు" అంది పిన్ని.