తొమ్మిదో తరగతి పిల్లలు గీసిన దారిలో రెండు రోజులు

ఈ ఏడాది మా బడిలో తొమ్మిదో తరగతికి లెక్కల పిరియడ్‌లో ఒక పని అప్పజెప్పాను. అయిదుగురున్న కుటుంబం, ఒక చిన్న కారు, చేతిలో ఆరు వేల రూపాయలు, రెండు పగళ్లు, ఒక రాత్రి. బయల్దేరేది నెల్లూరు జిల్లా కావలి నుంచి, తిరిగి చేరేదీ కావలికే. ఆ అయిదుగురిలో మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దామె, ఏడేళ్ల పిల్లాడు ఉంటారు. ఎటు పోవాలో, ఎక్కడ పడుకోవాలో, ఏం తినాలో లెక్కతో సహా కాగితం మీద చూపించాలి. నచ్చిన ప్లాన్ ప్రకారం సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లోవాళ్లతో నేనే తిరిగొచ్చి, బిల్లులన్నీ మీ ముందు పెడతానని మాటిచ్చాను. నిజంగా ఎవరో వెళ్లబోతున్నారని తెలిసేసరికి పిల్లల పట్టుదల వేరుగా కనిపించింది.

మొదటి వారం అందరూ ఊటీ, అరకు రాసుకొచ్చారు. పెట్రోలు లెక్క కట్టగానే వాళ్లంతట వాళ్లే కొట్టేశారు. చివరికి మూడు ప్లాన్లు మిగిలాయి. ఒకటి నెల్లూరు చుట్టూ: జొన్నవాడ కామాక్షమ్మ, నరసింహకొండ, సాయంత్రానికి మైపాడు సముద్రం. రెండోది పెంచలకోన, దారిలో కండలేరు డ్యామ్. మూడోది ఉదయగిరి, భైరవకోన, మలకొండ, చివర్లో పాకల బీచ్. మొదటిది ఒక్కరోజు పని, కారు లేనివాళ్లు బస్సులోనైనా చేసుకోవచ్చు. అందులో లోపమేమీ లేదు. మూడోదాన్ని ఎంచుకోవడానికి కారణం వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి.

ఆ గ్రూపు వాళ్లు మలకొండను శుక్రవారానికి పెట్టారు. బోర్డు మీద రాస్తుంటే ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మలకొండ శనివారం తప్ప తెరవరు. మా తమ్ముడి పుట్టెంట్రుకలు ఆడనే తీపించినాం. ట్రాక్టర్లో పోయినాం."

మలకొండ మీదున్న మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామికి మిగతా రోజుల్లో దేవతలూ రుషులూ పూజలు చేస్తారని, మనుషులకు దర్శనం శనివారం ఒక్కరోజే అని మా వైపు అందరికీ తెలుసు. ప్లాన్ వేసేటప్పుడు మాత్రం ఫోన్ మ్యాపు ముందు కూర్చుని ఆ సంగతే మర్చిపోయారు. ఆ అమ్మాయి మాటతో బోర్డు మొత్తం తుడిచేశాం. ముందు శనివారాన్ని మేకు కొట్టినట్టు పెట్టి, దాని చుట్టూ మిగతావి అమర్చాం. కదలని రోజేదో ముందు రాసుకోవాలన్న సంగతి ఆ పూట పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేకుండానే అర్థమైంది.

ఒక పిరియడ్ అంతా లాడ్జికి ఫోన్ చెయ్యడం నేర్పాను. ఒకడు లాడ్జి గుమాస్తా, ఒకరు ఫోన్ చేసేవాళ్లు. మొదట్లో "రూముందా అన్నా, ఎంతన్నా" దగ్గరే ఆగిపోయేవాళ్లు. నాలుగైదు సార్లు చేశాక ప్రశ్నలు వాటంతటవే పుట్టాయి. మా జేజి మెట్లెక్కలేదు, కింద రూముందా? కుర్చీ మాదిరి కమోడ్ ఉందా? వేణ్ణీళ్లు ఎన్ని గంటల దాకా వస్తాయి? అయిదుగురికి అదే రేటా, పరుపు వేస్తే ఎక్కువ తీసుకుంటారా? కారు లోపల పెట్టుకోనిస్తారా? ఆధార్ అందరివీ కావాల్నా, ఒకరిది చాలా? పెద్దవాళ్లతో, తెలియని మనిషితో తడబడకుండా మాట్లాడ్డం ఈ పిల్లలకు ఎవరూ నేర్పరు. పెట్రోలు లెక్క కంటే నాకు ఆ పిరియడే ఎక్కువ తృప్తినిచ్చింది.

వాళ్ల బడ్జెట్ ఇది. పెట్రోలు 1,600, లాడ్జి 1,100, తిండి 1,800, టోల్, పార్కింగ్, గుళ్ల ఖర్చు కలిపి 400, కొనుక్కునేవాటికి 500, ముట్టుకోకుండా పక్కన పెట్టేది 600. హైవే టోల్‌కు వెళ్లిన దారినే 24 గంటల్లో తిరిగొస్తే తగ్గింపు ఉంటుందని, మనది చుట్టుదారి కనక దాన్ని లెక్కలో కలపకూడదని ఒకడు పట్టుకున్నాడు. వాడికి ఆ మార్కు పూర్తిగా ఇచ్చాను.

శుక్రవారం తెల్లారుజామున ఆరింటికి బయల్దేరాం. నేను, మావారు, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. కలిగిరి దాటాక ఒక చిన్న హోటల్లో ఇడ్లీ, ఎర్రకారం దోసె తిన్నాం. అయిదుగురికి 260 అయింది. బయట పొయ్యి మీద వేసిన దోసె, అంచులు కరకరలాడుతూ, మధ్యలో ఎర్రకారం నూనె తేలుతూ ఉంది. మా అత్తమ్మ రెండోది అడిగి వేయించుకుంది.

వింజమూరు మీదుగా ఉదయగిరి చేరేసరికి తొమ్మిది దాటింది. కోట ఎక్కలేదు. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల చేతిలోంచి 1514లో గెలుచుకున్న కోట అది. నెలల తరబడి ముట్టడించినా లొంగలేదంటే ఎందుకో కింద నిలబడి ఆ కొండ చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆయన హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. పడుచువాళ్లు పొద్దున్నే నీళ్లు పట్టుకుని ఎక్కితే ఒక పూట పూర్తిగా దానికే పోతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మాత్రం కింది నుంచి చూసి చెక్క సామాను దగ్గరికి నడవండి.

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మేం వెళ్లిన చోట ఒకామె చాప మీద కూర్చుని చెంచా నున్నగా రుద్దుతోంది. ఒళ్లో పొట్టు, వేళ్ల కొసలు తెల్లగా అరిగిపోయి ఉన్నాయి. చెంచా గుంట లోపలి వైపు బొటనవేలు పెట్టి చూస్తుంది, మళ్లీ రుద్దుతుంది, మళ్లీ బొటనవేలు పెడుతుంది. గరుకు ఎక్కడుందో ఆ వేలికి తెలుస్తోంది. "నూనె రాసి ఎండలో పెట్టుకోండమ్మా, ఏళ్ల తరబడి ఉంటది" అంది. గరిటెలు, చెంచాలు, ఒక పోపు డబ్బా కలిపి 640 అయింది. పిల్లలు రాసిన 500 దాటింది. బేరం చెయ్యబుద్ధి కాలేదు, చెయ్యకూడదు కూడా.

అక్కణ్నుంచి సీతారాంపురం మీదుగా భైరవకోన. రెండు రోజుల్లో అన్నిటికంటే నాకు నచ్చిన చోటు ఇదే. ఒకే కొండను తొలిచి చెక్కిన ఎనిమిది గుహాలయాలు, ఒక్కొక్క దాంట్లో ఒక్కో శివలింగం. పైనుంచి జలపాతం. వానలు కురిసి ఎంతో కాలం కాలేదు కనక నీళ్లు బాగానే ఉన్నాయి. గుహల ముందు నిలబడితే బయటి ఎండ ఎండలా ఉండదు, రాయి చల్లదనం కాళ్లలోంచి పైకి పాకుతుంది. మా అత్తమ్మ ఒక ద్వారపాలకుడి పాదం దగ్గర కూర్చుని అరగంట లేవలేదు. కార్తీక పౌర్ణమికి ఇక్కడ జనం విపరీతంగా ఉంటారు. పిల్లలతో ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజు వద్దు, ఇలా మామూలు శుక్రవారం వెళ్లండి.

మధ్యాహ్నానికి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం. పిల్లల ప్లాన్‌లో ఇది మంచి ఆలోచన: ఒక పూట ఇంటి తిండి, ఒక పూట హోటలు, ఒక పూట సత్రం. కోతులు అరటిపండ్ల సంచి లాక్కుపోయాయి. తిండి సంచులు కారులోనే ఉంచి, తినేటప్పుడే బయటికి తియ్యండి. తడిసేవాళ్లకు బట్టలు మార్చుకోవడానికి అడ్డం పట్టుకునేలా ఒక పాత దుప్పటి పెట్టుకుంటే ఆడవాళ్లకు ఇబ్బంది ఉండదు.

సాయంత్రం సి.ఎస్.పురం వైపు తిరిగాక మా ఫోన్లలో సిగ్నల్ పోయింది. మ్యాపు బొమ్మ అక్కడే ఆగిపోయింది. పిల్లలు ఒక కాగితం మీద ఊళ్ల పేర్లు వరసగా రాసిచ్చారు. దాన్ని డాష్‌బోర్డు అరలో పెట్టి నేనే మర్చిపోయాను. తప్పు మలుపు తిరిగి పద్నాలుగు కిలోమీటర్లు పోయి, టీకొట్టు దగ్గర అడిగి, అంతే దూరం వెనక్కి వచ్చాం. చీకటి పడింది. చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు. టీకొట్టతను "పామూరు రోడ్డు ఎక్కిందాకా యాడా తిరగబాకండి" అని చెప్పి, మావాడి చేతిలో రెండు బిస్కెట్లు పెట్టాడు, డబ్బులిస్తే తీసుకోలేదు.

రాత్రి దిగిన లాడ్జి గురించి రాయాలి, పేరు అక్కర్లేదు. ఫోన్‌లో 900 అన్నారు. పరుపులకు 200 కలిపి 1,100 అని పిల్లల ముందే ఖాయం చేసుకున్నాం. వెళ్లాక పండగ రేటు అని 1,300, పరుపులకు 200. మొత్తం 1,500. రాత్రి ఎనిమిదిన్నరకు, ముసలామెతో, నిద్రపోతున్న పిల్లాడితో ఎవరు వాదిస్తారు? ఆ సంగతి వాళ్లకు తెలుసు. కింద రూము ఇచ్చారు, కమోడ్ ఉంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. వేణ్ణీళ్లు మాత్రం ఆరింటికే అయిపోయాయి. మాట మీద ఖాయం చేసుకున్న రేటు నిలబడలేదు. అదే ముందు రోజు వాట్సాప్‌లో "మొత్తం 1,100, పరుపులతో" అని రాయించుకుని ఉంటే చూపించడానికి ఏదైనా ఉండేది. ఇప్పుడు మా పిల్లల ప్రశ్నల పట్టీలో అది చేరింది.

శనివారం పొద్దున మలకొండ. తెల్లారేసరికే ఆటోలు, ట్రాక్టర్లు, బైకులు. స్వామిని చూశాక పైన అమ్మవారి దగ్గరికి వెళ్లే దారి బండరాళ్ల చీలికలోంచి పోతుంది. అమ్మవారు అలిగి వెళ్తుంటే కొండ చీలి దారిచ్చిందంటారు. ఎంత లావు మనిషైనా అందులోంచి దూరి రాగలరని నమ్మకం. మా అత్తమ్మ వద్దంది, కింద నీడలో కూర్చుంది. మావాడు నాలుగుసార్లు తిరిగొచ్చాడు. మధ్యాహ్నం సత్రంలో బంతి భోజనం: అన్నం, పప్పు, సాంబారు, ఒక తియ్యటి ముద్ద. వడ్డించేవాళ్లు పిల్లలకు అడిగి అడిగి పెట్టారు. మేం ఇచ్చింది విరాళం, అది ధర కాదు. సత్రం ఉంది కదా అని తిండి ఖర్చును సున్నాగా రాసుకోకండి. పెట్టే చేతికి మనమూ కొంత ఇచ్చి రావాలి.

కందుకూరు వైపు దిగుతుంటే పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల వాసన, జామాయిల్ తోటలు, అడుగడుక్కీ స్పీడ్ బ్రేకర్లు. సింగరాయకొండ దాటి పాకల చేరేసరికి అయిదున్నర. వెలుతురు ఉన్నది నలభై నిమిషాలే. అలలు గట్టిగా ఉంటాయి, మోకాలి లోతు దాటి పిల్లల్ని పోనివ్వలేదు. ముంత మసాలా తిని, ఇసక దులుపుకుని హైవే ఎక్కాం. సముద్రమే ముఖ్యం అనుకునేవాళ్లకు ఈ ప్లాన్ సరిపోదు, వాళ్లు మైపాడు ప్లాన్ చూసుకోవాలి.

సోమవారం బిల్లులు క్లాసులో బల్ల మీద పరిచాను. పెట్రోలు 1,940, లాడ్జి 1,500, తిండి 1,430, టోల్, పార్కింగ్, గుళ్లు 370, చెక్క సామాను 640. మొత్తం 5,880. పక్కన పెట్టిన 600లో 480 కరిగిపోయి 120 మిగిలాయి. పెట్రోలు దగ్గర 340 ఎందుకు పెరిగిందో కనుక్కోమన్నాను. వాళ్లు 290 కిలోమీటర్లు, లీటరుకు 20, పెట్రోలు 110 అని వేశారు. తిరిగింది 318. నిండా పోయించి, తిరిగొచ్చి మళ్లీ నిండా పోయిస్తే లీటరుకు 18 వచ్చింది. దూరం వల్ల సుమారు 150, మైలేజీ వల్ల 190 అని విడదీసింది ఆ వెనక బెంచీ అమ్మాయే. ఇప్పుడు రెండో బెంచీకి వచ్చి కూర్చుంటోంది.

కాలం లెక్క ఇంకా దారుణంగా తప్పింది. 290ని 60తో భాగించి అయిదు గంటలన్నారు. ఆగినవి తీసేసినా మాకు తొమ్మిది గంటలు పట్టింది. మన ఊళ్ల రోడ్ల మీద గంటకు 35 వేసుకుంటే మంచిది, చీకటిలో అంతకంటే తక్కువ. ఆ ఒక్క అంకె ముందే సరిగా ఉండుంటే ఉదయగిరిలో గంట తగ్గించుకునేవాళ్లం, రాత్రి దారి తప్పే పరిస్థితే వచ్చేది కాదు.

పోయిన వారం ఒకడు నోట్‌బుక్కు పట్టుకొచ్చి చూపించాడు. వాళ్ల నాయనది ప్యాసింజర్ ఆటో. మూడుసార్లు డీజిలు నిండా పోయించి కిలోమీటర్లు రాశాడు.

"మేడం, మా నాయన 35 ఇస్తది అంటా ఉండాడు. 28 ఇస్తా ఉంది."

కింద రామతీర్థానికి ఒక పూట ప్లాన్. పోనూ రానూ దూరం, డీజిలు, ఇంటి నుంచి పులిహోర, చెల్లికి ఐస్‌క్రీం 20, పక్కన పెట్టేది 100. జేజి వెనక సీట్లో కుడివైపు కూర్చోవాలని కూడా రాశాడు, కాలు చాపుకోవడానికి. తేదీ దగ్గర ఖాళీ వదిలాడు. ఎప్పుడు పోతారని అడిగాను.

"మా అమ్మకు పొగాకు గ్రేడింగ్ పని అయిపోయినాక మేడం."