జెడ్ పలకడానికి ఏ దారి మేలు: 'స' నుంచా, 'జడ'లోని జ నుంచా, ఉర్దూ నుంచా?

అమెరికాలో ఫోన్‌లో పేరు స్పెల్లింగ్ చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుగువాళ్ళకు ఒక చిక్కు వస్తుంది. ఇంగ్లీషు చివరి అక్షరాన్ని మనం 'జెడ్' అంటాం, అక్కడివాళ్ళు 'జీ' అంటారు. ఏడో అక్షరం పేరూ 'జీ'యే. వాళ్ళ చెవికి ఈ రెండూ పూర్తిగా వేరు. మన నోట మాత్రం రెండూ ఒక్కటే. అందుకే 'జీబ్రాలో జీ', 'గోల్ఫ్‌లో జీ' అని విడమరిచి చెప్పుకోవాల్సి వస్తుంది.

మన దగ్గర ఉన్నంతకాలం ఈ ఇబ్బంది పెద్దగా తెలియదు. జీరో, జూ, ప్లీజ్ అని మన జ తోనే పలికినా ఎవరికైనా అర్థమవుతుంది, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇబ్బందంతా మాట చివర వస్తుంది. డబ్బు చెల్లిస్తాడు అనే అర్థంలో 'పేజ్' అనబోతే పుస్తకంలోని 'పేజీ'లా వినిపిస్తుంది. దారులు అనే అర్థంలో 'వేజ్' అనబోతే కూలి అనే అర్థమున్న 'వేజ్' అవుతుంది. ఉంటాడు అనే 'స్టేజ్' నాటకాల స్టేజీ అవుతుంది. పైగా ఈ ధ్వని ఇంగ్లీషులో అడుగడుగునా వస్తుంది. ఈజ్, వాజ్, హ్యాజ్, హిజ్, దీజ్, దోజ్, బికాజ్, బిజీ, ఈజీ, మ్యూజిక్, రీజన్, విజిట్, రిజల్ట్, బిజినెస్, అన్నిటిలోనూ ఇదే. వీటిలో దేని స్పెల్లింగులోనూ జెడ్ అక్షరం కనిపించదు, ఎస్ ఉంటుంది. ఇంగ్లీషు ఉచ్చారణలో ఏదైనా ఒక్క హల్లు మీద శ్రద్ధ పెట్టాలంటే నేను దీన్నే ముందు పెడతాను.

మన లిపిలో దీనికి అక్షరం లేదు కాబట్టి రాసేటప్పుడు జ వాడక తప్పదు. ఆ ధ్వనిని ఇక్కడ 'జెడ్' అనే పిలుస్తాను.

దారుల్లోకి వెళ్ళేముందు ఒక పరీక్ష చెప్పాలి, ఏ దారిలో వెళ్ళినా పనికొస్తుంది. మన జ పలికేటప్పుడు నాలుక ముందు గాలిని పూర్తిగా ఆపేసి, తర్వాత వదులుతుంది. అందుకే జ ను సాగదీయలేం. 'జ్' అని పట్టుకుని నిలబడదామంటే కుదరదు, తప్పనిసరిగా పక్కనున్న అచ్చులోకి జారిపోతాం. జెడ్‌లో గాలి ఎక్కడా ఆగదు, సన్నని సందులోంచి రాసుకుంటూ పోతూనే ఉంటుంది. ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు. తుమ్మెద చెవి దగ్గర తిరుగుతున్నట్టు నిరంతరంగా మోగితే అది జెడ్. సాగకపోతే అది మన జ యే. ఈ పరీక్షకు టీచరు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు.

మొదటి దారి 'స' నుంచి వెళ్ళేది. స కీ జెడ్‌కీ నాలుక ఉండే చోటు ఒక్కటే, గాలి పోయే తీరూ ఒక్కటే. తేడా అంతా గొంతులో ఉంది. స పలికేటప్పుడు గొంతు అదరదు, జెడ్ పలికేటప్పుడు అదురుతుంది. రెండు వేళ్ళు గొంతు మీద పెట్టుకుని 'స్‌స్‌స్' అని పొడుగ్గా అనండి. వేళ్ళకు ఏమీ తెలియదు. నాలుకను వెంట్రుకవాసి కూడా కదపకుండా, గాలి ఆపకుండా, మధ్యలో గొంతును మోగించండి. వేళ్ళ కింద అదురు తెలుస్తుంది, అదే జెడ్. మళ్ళీ గొంతు ఆపండి, స వస్తుంది. ఇలా ఒకే ఊపిరిలో మార్చి మార్చి చేయాలి.

చెప్పినంత తేలిగ్గా అందరికీ రాదు. గొంతు మోగించగానే నాలుక పాత అలవాటు కొద్దీ ఎగిరి అంగిలికి అంటుకుంటుంది, జ వచ్చేస్తుంది. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. అలా జరిగితే మాటల జోలికి వెళ్ళకుండా ఆ ఒక్క ధ్వని మీదే ఉండాలి. గొంతు మోగించడం చాలా మెల్లగా, దాదాపు మూలిగినట్టు మొదలుపెడితే నాలుక ఎగరదు. పెద్దగా అనబోతేనే ఎగురుతుంది. కుదిరాక 'ఈ' కలిపి 'ఈ... జ్‌జ్‌జ్... ఈ' అని ఈజీ దగ్గరికి రావచ్చు.

ఈ దారిలో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, ఒక్క ధ్వని కోసం నేర్చుకున్న పని ఇంకో రెండు ధ్వనులకూ పనికొస్తుంది. ష పట్టుకుని గొంతు మోగిస్తే మెజర్, ప్లెజర్, విజన్, టెలివిజన్‌ల మధ్యలో ఉండే ధ్వని వస్తుంది. అది జ కాదు, జెడ్ కూడా కాదు. కాఫీలోని ఫ పట్టుకుని, కింది పెదవి పైపళ్ళ దగ్గరే ఉంచి గొంతు మోగిస్తే వెరీ, వాన్‌లలోని ఇంగ్లీషు 'వీ' వస్తుంది. మన వ కంటే అది గట్టిగా రాసుకుంటుంది. మూడు ధ్వనులకు సూత్రం ఒక్కటే.

రెండో దారి మన తెలుగులోనే ఉంది, కానీ బడిలో ఎవరూ గుర్తు చేయరు. మనం జ అని ఒకటే అక్షరం రాసినా పలికేది రెండు రకాలు. జీతం, జేబు, జెండా, జలం అన్నప్పుడు నాలుక వెనక్కి వెళ్ళి అంగిలిని తాకుతుంది. జడ, జొన్న, జున్ను, జారు అన్నప్పుడు నాలుక కొస పళ్ళ దగ్గరికి వస్తుంది. ఈ రెండో జ కోసం విడిగా ౙ అనే గుర్తు కూడా ఉంది, 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో కనిపిస్తుంది. ఈ దంత్య ౙ నాలుక చోటును బట్టి చూస్తే జెడ్‌కు బాగా దగ్గర. ఇంకా విశేషం, 'రోజు', 'రాజు' లాంటి మాటలు గబగబా అనేటప్పుడు చాలామంది నోట నాలుక పూర్తిగా అంటుకోదు, గాలి ఆగకుండా జారిపోతుంది. అది దాదాపు జెడ్డే. అంటే మన నోటికి ఆ ధ్వని పరాయిదేమీ కాదు, దాన్ని మనం గమనించలేదంతే.

కాబట్టి జూ, జోన్, జీరో నేర్పాలంటే 'జడ, జున్ను, జొన్న' అనిపించి, అదే జ తో జూ అనమంటే చాలామందికి వెంటనే తేడా వినిపిస్తుంది. పెద్దవయసులో నేర్చుకునేవాళ్ళకు, అంటే అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి మనవలతో మాట్లాడాల్సిన అమ్మమ్మ తాతయ్యలకు, ఇది బాగా పనిచేస్తుంది. గొంతు మీద వేళ్ళు, గాలి, అదురు అని చెప్తే వాళ్ళకు టెన్షన్. జొన్నలో జ అంటే చాలు. స దారిలో కుదరనివాళ్ళకు మాట మొదట్లోని జెడ్ ఇక్కడ ఇట్టే కుదురుతుంది.

కానీ ఈ దారి సగం దూరమే తీసుకెళ్తుంది. నిదానంగా పలికే ౙ లో మొదట ఒక చిన్న ద దాగి ఉంటుంది. మాట మొదట్లో అది పెద్దగా తెలియదు. మాట చివర మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే ద తో మొదలయ్యే ఆ ధ్వని ఇంగ్లీషులో చివర విడిగా ఉంది. బండ్లు అనే 'కార్జ్'ను ౙ తో అంటే అవతలివాళ్ళకు 'కార్డ్స్' వినిపిస్తుంది. కొలత చెప్పే 'సైజ్' పక్కలు అనే 'సైడ్స్' అవుతుంది. లేవడం అనే 'రైజ్' 'రైడ్స్' అవుతుంది. ఈ జతలు చూశాకే నాకు ఈ దారి హద్దు స్పష్టంగా తెలిసింది. ఇదే కారణంగా కార్డ్స్, బెడ్స్, ఫ్రెండ్స్ లాంటి మాటలకు మాత్రం మన ౙ అక్షరాలా సరిపోతుంది. 'ఫ్రెండ్స్' అని స్ తో రాసుకున్నా చివర పలకాల్సింది జొన్నలోని జ యే.

మూడోది ఉర్దూ, హిందీ దారి. హైదరాబాద్‌లోనో, ఉర్దూ వినిపించే తెలంగాణ ఊళ్ళలోనో పెరిగినవాళ్ళకు ఇది దారే కాదు, చేరిన ఊరు. జరా, జ్యాదా, జిందగీ, ఆవాజ్ అని దఖనీ ఉర్దూలో అనేవాళ్ళ నోట జెడ్ ఎప్పుడో ఉంది. ఉర్దూ లిపిలో జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు ఉన్నాయి, నాలుగింటినీ పలికేది ఇలాగే. తెలుగులోకి ఆ వైపు నుంచి వచ్చిన మాటలు కొల్లలు. బజారు, రోజు, జిల్లా, జమీందారు, ఖజానా, తాజా, అన్నీ అక్కడ జెడ్‌తో ఉన్నవే. మన నోట పడ్డాక జ గా స్థిరపడ్డాయి, అది తెలుగు పద్ధతి, అందులో తప్పేమీ లేదు.

ఉర్దూ వచ్చినవాళ్ళు జీరోను జిందగీలోని మొదటి ధ్వనితో అంటే చాలు, ఈ వ్యాసంలో మిగతాది మాట చివర ధ్వని కోసం చదువుకోవచ్చు. ఉర్దూ రానివాళ్ళు మాత్రం సినిమా పాటలు విని నేర్చుకుందామనుకుంటే అది నమ్మదగ్గ దారి కాదు. హిందీ మాట్లాడేవాళ్ళలోనే చాలామంది జిందగీని మామూలు జ తోనే అంటారు. హిందీ రాతలో ఆ ధ్వనికి అక్షరం కింద చుక్క పెట్టాలి, చాలామంది పెట్టరు. ఎవరిని విని నేర్చుకుంటున్నారో తెలియకపోతే జ నుంచి జ దగ్గరికే వస్తారు.

యాప్‌లు, వీడియోల సంగతి వేరు. వాటిని నోటికి కాకుండా చెవికి వాడుకోవాలని నా అభిప్రాయం. చెవికి తేడా తెలియనంతవరకు నోరు తన తప్పు తాను పట్టుకోలేదు. 1990లలో జపాన్ వాళ్ళకు ఇంగ్లీషులోని ఆర్, ఎల్ ధ్వనుల తేడా నేర్పడం మీద జరిగిన పరిశోధనల్లో, పలువురు మాట్లాడేవాళ్ళ గొంతులతో జతమాటలు వినిపిస్తే చెవి మెరుగుపడిందని, ఆ తర్వాత ఉచ్చారణ కూడా కొంత మెరుగైందని తేలింది. మన జెడ్ విషయంలోనూ అలాగే చేయొచ్చు. ప్రైస్-ప్రైజ్, లూస్-లూజ్, అడ్వైస్-అడ్వైజ్, పీస్-పీజ్, పేజీ అనే పేజ్-చెల్లించే పేజ్, ఇలాంటి జతలను ఆన్‌లైన్ నిఘంటువుల్లో ఆడ, మగ, బ్రిటిష్, అమెరికన్ గొంతులతో కళ్ళు మూసుకుని వినాలి. ఫోన్‌లో మాట్లాడితే రాసిపెట్టే సదుపాయంతో పరీక్షించుకునేవాళ్ళూ ఉన్నారు. పూర్తి వాక్యం చెప్తే అది సందర్భాన్ని బట్టి ఊహించి సరిచేసేస్తుంది, 'హీ పేజ్ ది బిల్' అని మన జ తో అన్నా సరిగ్గానే రాయొచ్చు. దాన్ని చూసి వచ్చేసిందనుకోవద్దు. ఒంటరి మాటలతో పరీక్షిస్తే కొంత నయం.

ఏ దారిలో జెడ్ వచ్చినా మాట చివర ఇంకో సంగతి మిగిలే ఉంటుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి హల్లుకు ఉ తగిలిస్తాం, ప్లీజు, సైజు అంటాం. దాన్ని తీసేద్దామని చివర జెడ్‌ను గట్టిగా వత్తడం కూడా సరికాదు. ఇంగ్లీషువాళ్ళు మాట చివరి జెడ్‌ను నిజానికి మెత్తగా, కొన్నిసార్లు సగం గొంతుతోనే వదిలేస్తారు. తేడా చూపించేది ముందున్న అచ్చు. మంచుగడ్డ అనే 'ఐస్'లో అచ్చు పొట్టి, కళ్ళు అనే 'ఐజ్'లో అచ్చు పొడుగు. కాబట్టి అచ్చును సాగదీసి, జెడ్‌ను మెత్తగా వదలండి. ఇది తెలిశాక బహువచనాలు కూడా దారిలో పడతాయి. మనం డాగ్స్, బ్యాగ్స్, బాయ్స్ అని స్ తో రాసుకుని అలాగే పలుకుతాం. క్యాట్స్, బుక్స్, కప్స్‌లలో అది స్ యే, కానీ గొంతు మోగే ధ్వని తర్వాత వచ్చినప్పుడు జెడ్ అవుతుంది.

ఇంకో జాగ్రత్త. జెడ్ కొత్తగా వచ్చినవాళ్ళు ఉత్సాహంలో కాలేజ్, ప్రాజెక్ట్, మేనేజర్, జాబ్‌లలోని అసలైన జ ను కూడా జెడ్ చేసేస్తారు. ఇంటర్వ్యూలో 'ప్రాజెక్ట్' మాట ఎన్నిసార్లు వస్తుందో తెలిసిందే. పాత జ ను మరిచిపోకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టి, జూ-జూన్ లాంటి వాటితో కాకుండా మీరు రోజూ వాడే మాటలతో, 'బిజీ మేనేజర్', 'ఈజీ ప్రాజెక్ట్' అని సాధన చేయడం మంచిది.

ఎవరికి ఏది అంటే నా లెక్క ఇది. ఉద్యోగం కోసమో, పైచదువుల కోసమో నేర్చుకునేవాళ్ళు స దారి పట్టాలి. మొదట కష్టం, కానీ మాట మొదట్లో, మధ్యలో, చివర అన్నిచోట్లా నిలబడేది అదొక్కటే. స దారిలో నాలుక మొండికేస్తే 'రోజు, రాజు' గబగబా అంటూ ౙ నుంచి మొదలుపెట్టి, సాగదీసే పరీక్షలో నెగ్గేదాకా అందులోని ద ను తగ్గించుకుంటూ రావచ్చు. పెద్దవాళ్ళకు జొన్నలో జ చాలు. ఉర్దూ నోటికి వచ్చినవాళ్ళు చివరి అచ్చు పొడుగు మీద పని చేస్తే సరిపోతుంది.

మొదటి వారం కొత్త మాటలేవీ పెట్టుకోవద్దు. 'ఈజ్ ఇట్', 'వాజ్ ఇన్', 'హ్యాజ్ ఎ', 'ప్లీజ్ ఓపెన్' లాంటివి తీసుకోండి. వీటిలో చివరి జెడ్ పక్క మాటలోని అచ్చుతో కలిసిపోతుంది కాబట్టి, మాటను అచ్చుతో ముగించే మన నాలుకకు ఒంటరిగా 'ఈజ్' అనడం కంటే ఇవే తేలిక.