లాగర్ కిట్ అన్నాడు, ఏల్ ఈస్ట్ అంటగట్టాడు. జాగ్రత్త!

ఇంట్లో బీరు చేసుకునే కిట్లు అమ్మే ఆ షాపు ఏదో మీకు చెప్పక్కర్లేదు. మొదటిసారి లాగర్ (చలిలో పులియబెట్టే బీరు; వెచ్చగా పులియబెట్టేది ఏల్) చేద్దామనుకున్న వాళ్లందరూ ముందు వెళ్లేది అక్కడికే.

20 లీటర్ల వోర్ట్ (పులిసి బీరయ్యే తీపి ద్రవం), మొదటి గ్రావిటీ (అందులో చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత, పులిసేకొద్దీ దిగుతుంది) 1.048. 11 డిగ్రీలకు చల్లార్చి, ఈస్ట్ వేసి, ఫ్రిజ్‌లో 11 దగ్గరే ఉంచితే ఐదు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూత మీద గ్యాస్‌ని బయటికి వదిలే ఎయిర్‌లాక్‌లో బుడగలు రాకపోతే మూత లీకనుకోవచ్చు. కానీ నురగా లేదు, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ కూడా అదే 1.048 దగ్గర నిలబడింది. చల్లటి వోర్ట్‌లో లాగర్ ఈస్ట్ లేవడానికి రెండు రోజులు పట్టొచ్చు, బద్ధకిస్తే మూడు. ఐదు రోజులంటే ఈస్ట్ చచ్చి అయినా ఉండాలి, ఆ చలికి పనికిరానిదైనా అయి ఉండాలి.

షాపువాడికి మెసేజ్ పెడితే నిమిషంలో జవాబు: ‘22కి పెంచండి సార్, అదే లేస్తుంది.’

లాగర్‌ని 22లో పెట్టడమేంటండీ అని అడిగితే: ‘అన్ని కిట్లలో ఒకటే ఏల్ ఈస్ట్ వేస్తాం సార్. లాగర్ అంటే రంగు. లేతగా వస్తే లాగరే. ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదు.’

రంగట! మరి నల్లగా ఉండే ష్వార్జ్‌బియర్ లాగర్ ఎలా అయింది? లేత బంగారు రంగులో ఉండే కోల్ష్‌ని ఏల్ ఈస్ట్‌తో ఎందుకు చేస్తున్నారు? లాగర్‌ని లాగర్ చేసేది చలిలో నెమ్మదిగా పనిచేసే శాకరోమైసెస్ పాస్టోరియానస్ అనే ఈస్ట్, ఆ తర్వాత వారాల తరబడి చల్లటి నిల్వ. ఇవి రెండూ లేకుండా ‘లాగర్’ అని డబ్బా మీద అచ్చేయడానికి ఎంత ధైర్యం!

మన బుద్ధి గడ్డి తిన్న సంగతి కూడా చెప్పుకోవాలి. తెల్ల పొట్లం. ఈస్ట్ రకం పేరు లేదు, తయారుచేసిన వాళ్ల పేరు లేదు, గడువు తేదీ లేదు, బరువు 5 గ్రాములు. కత్తెర పట్టుకునే ముందే ఆగాల్సింది. అది అసలుసిసలు లాగర్ ఈస్ట్ అయినా చాలదు. పొడి లాగర్ ఈస్ట్ 100 లీటర్లకు 80 నుంచి 120 గ్రాములు పడుతుంది. అంటే 20 లీటర్లకు తక్కువలో తక్కువ 16 గ్రాములు, 11.5 గ్రాముల పొట్లాలైతే రెండు. వీడిచ్చింది అందులో మూడో వంతు కూడా లేదు. ఈస్ట్ చాలకపోతే మొదలవడమే ఆలస్యం, ఈలోగా బాక్టీరియాకు పండగ, చివర్లో వెన్న వాసన.

ఇంకో ఘనకార్యం: కిట్‌లోని కాగితం ఏడో రోజు బాటిల్ చేసెయ్యమంటుంది. ఈస్ట్ నిద్రపోతున్న వోర్ట్‌కి చక్కెర కలిపి, మూత బిగించి, వెచ్చగా పెడితే అది నిద్రలేచేది గాజు బాటిల్లోనే. బాటిళ్లు పేలతాయి. బాటిల్ చేయాలంటే మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా గ్రావిటీ ఒకటే ఉండాలి, అదీ 1.010 చుట్టుపక్కల. 1.048 దగ్గరే ఆగిపోయి ఒకటే ఉంటే అది పులియడం అయిపోవడం కాదు, మొదలవకపోవడం.

ఇదే కిట్ ఇప్పటికే తెచ్చుకున్నారా? ఆ పొట్లం పారేసి, డబ్ల్యూ-34/70 లాంటి పేరున్న పొడి లాగర్ ఈస్ట్ రెండు పొట్లాలు విడిగా కొనండి. 12 దగ్గర పులియనిచ్చి, గ్రావిటీ 1.018కి దిగాక రెండు మూడు రోజులు 17లో ఉంచితే వెన్న వాసన పోతుంది. ఆ తర్వాత 0 నుంచి 2 డిగ్రీల్లో కనీసం నాలుగు వారాలు. ఐదు రోజులు ఊరికే నిలబడిన వోర్ట్ పుల్లటి వాసన వేసినా, పైన పొర కట్టినా మొహమాటపడకుండా పారబోయండి.

డబ్బు వెనక్కివ్వమంటే ‘ఓపెన్ చేసిన కిట్ తీసుకోం సార్’ అట. ఓపెన్ చేయకుండా లోపల ఏం పెట్టాడో ఎవడికి తెలుస్తుంది?