ఫ్యాక్స్‌ని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్, ఆరు నెలలు వాడాక
మాది హైదరాబాద్‌లో మెడికల్ బిల్లింగ్ ఆఫీసు, అమెరికా క్లినిక్‌లు ఇప్పటికీ ఫ్యాక్సులే పంపుతాయి మరి, ఇంతకుముందు నైట్ షిఫ్ట్‌లో ఇద్దరం కూర్చుని చూసి టైప్ కొట్టేవాళ్ళం. ఇప్పుడు ఫ్యాక్స్ రాగానే ఈ సాఫ్ట్‌వేరే ఓసీఆర్ (అంటే ఇమేజ్‌లోని అక్షరాల్ని చదివి టెక్స్ట్‌గా మార్చడం) చేసేసి వర్డ్ ఫైల్ ఫోల్డర్‌లో పడేస్తోంది. టైప్ చేసిన పేజీలైతే సూపర్, డాక్టర్ల చేతిరాత వచ్చిందా ఇక గోవిందా. ఇంకోటి, మామూలు ఫ్యాక్స్‌కి నిలువుగా అంగుళానికి 98 గీతలే, ఫైన్ మోడ్‌లో 196, అందుకే ఫైన్‌లో పంపండి బాబూ అని క్లినిక్‌లని బతిమాలుకున్నాం, అప్పట్నుంచి చాలా నయం. మొన్న ఒక డోసు 5.0 ఎంజీ కాస్తా 50 అయి కూర్చుంది, చుక్క ఎగిరిపోయింది! అంకెలు మాత్రం పక్కన ఇమేజ్ పెట్టుకుని చూసుకోవాల్సిందే. 3.5 స్టార్లు.