వెండి గిన్నా, గాజు గిన్నా? సరిహద్దు కోటలో రోమన్ సేనానికి ఏది మేలు?

క్రీ.శ. మొదటి శతాబ్దం. రైన్ నది ఒడ్డున కాపలా కాసే రోమన్ సేనాని విందు ఇస్తున్నాడు. బల్ల మీద ఏ పాత్రలు పెట్టాలి?

ఎర్రమట్టి పాత్రలను ముందే పక్కన పెడదాం. గాల్ దేశం (నేటి ఫ్రాన్స్)లోని లా గ్రాఫెసెంక్ ఊరి కుమ్మరులు చేసిన నున్నటి పాత్రలు చూడముచ్చటగానే ఉంటాయి. కానీ అవి మామూలు సిపాయి గుడారంలోనూ ఉండేవి. ఇక దర్జా ఎక్కడ?

మిగిలినవి వెండి, గాజు.

వెండిదే పైచేయి అని మొదట అనిపిస్తుంది. కిందపడితే సొట్ట పడుతుంది తప్ప పగలదు, అవసరమొస్తే కరిగించుకోవచ్చు. దిగువ జర్మనీ సేనాని పాంపేయుస్ పౌలినుస్ సైన్యం వెంట 12,000 రోమన్ పౌండ్ల వెండి పెట్టుకున్నాడని రోమన్ రచయిత ప్లినీ దెప్పిపొడిచాడు. ప్లినీ కూడా ఆ సరిహద్దులోనే అశ్వదళంలో పనిచేసినవాడు. ఆ వెండి మన లెక్కలో దాదాపు 3,900 కిలోలు! ఒక్కో కంచరగాడిదకు వంద కిలోలు ఎత్తినా నలభై గాడిదలు కావాలి. ఎదురుగా శత్రువు ఉండగా ఇది విందు సామగ్రా, దోపిడీకి ఆహ్వానమా?

గాజు సంగతి వేరు. తాగే పాత్రల విషయంలో అది వెండి బంగారాలను వెళ్ళగొట్టిందని రాసిందీ ఆ ప్లినీయే. గాజుకు వాసన అంటదు, లోపలి ద్రాక్షసారా రంగు బయటికి కనిపిస్తుంది. ధరలో మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా. రోములో రాగి నాణేనికి ఒక గాజు గిన్నె వచ్చేదని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో చెబితే, నీరో కాలంలో రెండు చిన్న కప్పులు 6,000 సెస్టెర్షియస్‌లు (రోమన్ నాణేలు) పలికాయని ప్లినీ అంటాడు. అప్పట్లో సిపాయి ఏడాది జీతం 900. అంటే ఆ జత కప్పులకు ఆరున్నరేళ్ళకు పైగా చాకిరీ చేయాలి.

కాలం కాస్త ముందుకు జరిపి, ఉత్తర ఇంగ్లండ్‌లోని విండోలాండా రోమన్ కోటకు వద్దాం. అక్కడ దొరికిన ఒక గాజు గిన్నె మీద పోరాడుతున్న గ్లాడియేటర్లను రంగుల్లో చిత్రించారు. అది జర్మనీలోని కొలోన్‌లో తయారైందని పండితుల అంచనా. 1991 తవ్వకాల్లో బయటపడిన పెంకుకు, 2007లో దొరికిన మరో పెంకు అంచు అంచూ కలిసి అతికింది. అంత పల్చటి వస్తువు సముద్రం దాటి, బండ్ల కుదుపులు తట్టుకుని అక్కడికి చేరిందంటే, గడ్డి చుట్టి సర్దిన చేతులకు మొక్కాలి.

అయితే శిథిలాల్లో గాజు ఎక్కువగా దొరుకుతోంది కాబట్టి సేనానులు దాన్నే ఇష్టపడ్డారనుకుంటే పొరపాటు. వెండిని ఎవరూ చెత్తలో పారేయరు. గాజు పగిలితే పెంకు పెంటకుప్పకే పోతుంది. స్విట్జర్లాండ్‌లోని విండోనిస్సా శిబిరం గాజు సంపద పేరుపొందిందంటే అక్కడి చెత్తదిబ్బ చలవ కూడా ఉంది. వెండి మిగలాలంటే జర్మనీలోని హిల్డెస్‌హైమ్‌లోలాగా ఎవరో పాతిపెట్టి, తిరిగి రాకుండా పోవాలి. 1868లో ప్రష్యన్ సైనికులు కాల్పుల మైదానం కోసం తవ్వుతుంటే అక్కడ 70 దాకా రోమన్ వెండి వస్తువులు బయటపడ్డాయి.

నేనే ఆ సేనానినైతే ద్రాక్షసారా గాజులోనే తాగుతాను. వెండి మాత్రం జీను సంచిలో పట్టేంత చాలు.