షాడోస్ ఎకోనా, సర్ఫ్ స్ప్రింగా: ఆంప్ సిమ్యులేటర్‌లో రెండు దారులు

గిటార్ ఆంప్లిఫయర్ల నాదాన్ని డిజిటల్‌గా అనుకరించేదే ఆంప్ సిమ్యులేటర్. అందులో 1960 నాటి బ్రిటిష్ వాద్య బృందం షాడోస్‌లో హాంక్ మార్విన్ వాయించిన స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ ఎలక్ట్రిక్ గిటార్) నాదం కావాలంటే వాక్స్ ఏసీ30 ఆంప్ మోడల్, ఆల్నికో బ్లూ రకం స్పీకర్ల 2×12 క్యాబ్ (రెండు 12 అంగుళాల స్పీకర్ల పెట్టె) తీసుకోండి. ప్రాణమంతా ఎకోలోనే ఉంది. టేప్ ఎకోను (వాయించిన స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) ఆంప్‌కు ముందు పెట్టి 330 మిల్లీసెకన్ల ఆలస్యం, రెండు మూడు రిపీట్లు, 25 శాతం మిక్స్‌తో (అసలు నాదంలో కలిసే ఎకో పాలు) మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. గెయిన్ (ఆంప్‌లోకి వచ్చే సిగ్నల్ బలం) పెంచితే రిపీట్లు కూడా ఆంప్‌లో పగిలి స్వరాలు ముద్దవుతాయి. వాక్స్‌లో 'కట్' నాబ్ పెంచితే ట్రెబుల్ తగ్గుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

కాలిఫోర్నియా సర్ఫ్ సంగీతపు గిటార్ నాదానికి, ఆ శైలి గిటారిస్ట్ డిక్ డేల్ వాడిన ఫెండర్ షోమన్ ఆంప్ మోడల్ కావాలి, లేదంటే ఫెండర్ ట్విన్ చాలు. ఫెండర్ 1961లో తెచ్చిన స్ప్రింగ్ రివర్బ్ పెట్టె (స్ప్రింగుల కంపనంతో ప్రతిధ్వని పుట్టించేది) గిటార్‌కూ ఆంప్‌కూ మధ్య ఉండేది. రివర్బ్‌ను క్యాబ్ తర్వాత పెడితే గది మోగినట్టుంటుందే తప్ప, మీటగానే నీళ్లు చిందినట్టు వచ్చే ఆ దెబ్బ రాదు. సన్న తీగలతోనూ రాదు. మొదటి తీగ కనీసం 11 గేజ్ (0.011 అంగుళాల మందం) వేయండి.

నిదానంగా సాగే మెలోడీకి షాడోస్ ఎకోకే నా ఓటు. వేగంగా ట్రెమొలో పికింగ్ (ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటడం) చేస్తే ఎకో రిపీట్లు అడ్డుపడతాయి, అక్కడ స్ప్రింగే.